బావగారి చెరువు దిగువ కోడు

తొంభైల చివర్లో నేను రామచంద్రపురం వైపు ఒక డిగ్రీ కాలేజీలో జువాలజీ పాఠాలు చెప్పేదాన్ని. కాలేజీ నుంచి మా అత్తవారి ఊరు బస్సులో అరగంట. మా పొలాల పక్కగా ఒక కోడు పారేది. ఏడాది పొడవునా ఆగకుండా పారే చిన్న ఏటిని మా వైపు కోడు అంటారు. వేసవిలో పంటకాలువలు కట్టేసినా అందులో మోకాలిలోతు నీళ్ళుండేవి. దిగువనున్న పేటవాళ్ళు స్నానాలకీ, బట్టలకీ, గేదెలకీ దాన్నే నమ్ముకున్నారు.

ఒక ఏడాది సంక్రాంతి వెళ్ళాక, కోడులో చిన్న చేపలు పట్టి మా వీధిలో అమ్మే మామ్మ ఉత్త తట్టతో గుమ్మంలోకి వచ్చింది.

"వంతెన దిగువ ఏమీ పడట్లేదండి మేడంగారూ. నీళ్ళలో దిగితే కాళ్ళు ఒకటే దురద. మీరు ఈ చదువే చెప్తారంట కదా, ఓసారి చూద్దురూ."

వంతెన పక్కనే మా బావగారి చేపల చెరువు. చెరువు తోడినప్పుడు నీళ్ళు వదిలే గొట్టం కోడులోకే తెరుచుకుంటుంది. ఆయన మా వారికి అన్నగారు, ఇంటికి పెద్ద. మామ్మ ఆ గొట్టం మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. కానీ చూస్తానని అప్పుడే మాటిచ్చాను. నాకు వచ్చిన పని అది. ఎలా చూడాలో నాకు బాగా తెలుసు.

ఆదివారం పొద్దున్నే పాత దోమతెరను వెదురుబద్దకు కుట్టి వల చేసుకున్నాను. రెండు తెల్ల ఎనామిల్ పళ్ళాలు, ఒక నోటుబుక్కు పట్టుకుని మామ్మతో కలిసి కోడులో దిగాను. వంతెన ఎగువ ఒక చోటు, గొట్టం దిగువ ఒక చోటు ఎంచుకున్నాను. రెండు చోట్లా వాచీ చూసుకుని మూడేసి నిమిషాలు కాళ్ళతో కోడు అడుగుని కదిపి, ప్రవాహానికి వల అడ్డంపెట్టి, పడినవన్నీ పళ్ళెంలో బోర్లించాను.

ఎగువ పళ్ళెం కదిలిపోతోంది. నత్తలు, తూనీగ పిల్లలు, గాజులాంటి రొయ్య పిల్లలు, వాటి మధ్య నేను ముఖ్యంగా వెతికే పురుగు. వెంట్రుకల్లాంటి మూడు తోకలుంటాయి దానికి. గాలి బాగా ఆడే నీళ్ళలో తప్ప బతకదు. దిగువ పళ్ళెంలో నల్లటి బురద, అందులో మెలికలు తిరిగే ఎర్రదారాల్లాంటి పురుగులు. ఇంకేమీ లేవు. ఊపిరాడని బురదలో కూడా బతకగలిగేవి అవే.

ఒక్కరోజు చూసి చెప్పడం తప్పని వరసగా నాలుగు ఆదివారాలు దిగాను. మా అత్తగారికి అది నచ్చలేదు. "కాలేజీలో పాఠాలు చెప్పే కోడలు కోడులో పురుగులేరడం ఏంటమ్మా, ఊరంతా చూస్తోంది" అన్నారు. ఇంకొక్క వారమేనని చెప్పాను. నాలుగుసార్లూ రెండు పళ్ళాలూ అదే మాట చెప్పాయి.

అయిదో ఆదివారం రెండు పళ్ళాలూ నింపి పెట్టి, బావగారిని వంతెన దగ్గరికి రమ్మని పిలిచాను. ఆయన ముందే ఒక కాగితం జేబులో పెట్టుకుని వచ్చారు.

"కాకినాడలో నీళ్ళు పరీక్ష చేయించానమ్మా. అన్నీ సరిగ్గానే ఉన్నాయని రాసిచ్చారు. నువ్వు పురుగుల్ని చూసి తప్పంటావేంటి?"

"ఆ కాగితం అబద్ధం కాదు బావగారూ. కానీ మీరు సీసాలో పట్టింది ఆ పూట నీళ్ళు. చెరువు తోడిన రోజు నీళ్ళు ఎప్పుడో సముద్రంలో కలిసిపోయాయి. ఈ పురుగులు నెలల తరబడి ఇక్కడే ఉంటాయండి. నీళ్ళలో ఏం కలిసినా ఆ దెబ్బ వీటి మీదే పడుతుంది."

ఆయన వంగి రెండు పళ్ళాలూ చాలాసేపు చూశారు. చెరువులో వెయ్యడానికని గట్టు మీద పోసిన కోళ్ళ ఎరువు కుప్ప వైపు కూడా ఒకసారి చూశారు. స్కూటర్ ఎక్కి వెళ్ళిపోయారు.

పది రోజులు నాతో మాట్లాడలేదు. ఇంట్లో అందరూ గొంతు తగ్గించి మాట్లాడుకున్నారు. నాకు బాధగానే ఉండేది కానీ, చెప్పినదాంట్లో ఒక్క ముక్క వెనక్కి తీసుకోవాలనిపించలేదు. పదకొండో రోజు నేను బస్సుకి బయల్దేరుతుంటే ఆయనే అడిగారు.

"సరేనమ్మా. అయితే ఏం చెయ్యమంటావు?"

చెరువు మూలన కొంత జాగా వదిలి గుంట తవ్వమన్నాను. తోడిన నీళ్ళు అందులో తేరుకున్నాకే కోడులోకి వదలాలి. ఎరువు కుప్ప గట్టు మీంచి తీసెయ్యాలి. ఏడాదిలో కోడు కోలుకుంటుందని కూడా చెప్పాను. ఆయన వేసవిలోనే గుంట తవ్వించారు.

ఏడాదన్నది నా పొరపాటు. మొదటి ఏడాది నత్తలు మాత్రమే తిరిగొచ్చాయి. బావగారు దెప్పలేదు. పైగా, వల నా దగ్గర అడిగి తీసుకుని తనే దిగడం మొదలుపెట్టారు. రెండో ఏడు వానల్లో ఒక సాయంత్రం, హార్లిక్స్ సీసాలో ఏదో వేసుకుని వీధరుగు మీదికి వచ్చారు.

"ఇదేనా చూడమ్మా. మూడు తోకలున్నాయి."

వెలుతురుకి ఎత్తి చూశాను.

"కాదండి. ఇది సూది తూనీగ పిల్ల. దీని తోకలు ఆకుల్లా వెడల్పుగా ఉన్నాయి చూడండి. మనం వెతికేదానివి వెంట్రుకల్లా ఉంటాయి. కానీ ఇదొచ్చినా మంచిదే."

ఆయన ముఖం కాస్త చిన్నబోయింది. సీసా పట్టుకుని మళ్ళీ కోడు దగ్గరికే వెళ్ళి దాన్ని వదిలి వచ్చారు.

కార్తీకంలో గొట్టం దిగువ, నాచు మొదళ్ళలో అసలైనవి రెండు దొరికాయి. అప్పటికి ఎగువ ఊళ్ళో చెరువులున్న ఇద్దరు రైతులు బావగారి గుంట చూడ్డానికి వచ్చి గట్టు మీద నిలబడి ఉన్నారు. ఆయన పంచె ఎగ్గట్టి, మోకాలిలోతు నీళ్ళలో నిలబడి, తోకలెలా ఉండాలో వాళ్ళకి వివరించి చెప్తున్నారు. ఒక్క తప్పు కూడా లేదు.