విల్ఫ్ రంగేసిన గేటు

మా ఊరి పెద్ద బంగళాకు ముందువైపు ఇనుప గులాబీలు అల్లిన గేటుంది. వెనకవైపు ఎత్తైన గోడల తోట, ఆ గోడలో చిన్న చెక్క తలుపు. ఆ ఇంటి పెళ్లికూతురు వస్తేనే గేటు తెరవడం ఆనవాయితీ. ఆ ఇంట్లో పెళ్లి జరిగి చాలా ఏళ్లయింది.

విల్ఫ్ టాప్‌స్కాట్ అక్కడ పెద్దమాలి. ఏటా వసంతంలో గేటుకు నల్లరంగు, గులాబీలకు బంగారురంగు వేసి, దూరంగా నిలబడి మురిసిపోయేవాడు. అరవై దాటాక రొట్టెల కొట్టు డోర్కస్‌ను పెళ్లాడతానంటే, ఆ బంగళా దొరసాని పెళ్లివిందు తన తోటలోనే అంది.

"నీ పెళ్లికూతురు పెద్ద గేటులోంచే రావాలి, విల్ఫ్!"

ఆ మాట అతను ఊళ్లో చెప్పని మనిషి లేడు. పెళ్లికని గేటుకు మరో రెండు పూతలు దట్టంగా వేశాడు.

చర్చి నుంచి అందరం గేటు దగ్గరికొచ్చాం. తాళం తిరిగింది. గేటు మాత్రం కదల్లేదు. రెక్కలు రెండూ రంగుతో అతుక్కుపోయాయి. పాదిరిగారు భుజం ఆనించి తోస్తే ఆయన ముక్కుకు బంగారం అంటింది. పైగా వాన మొదలైంది.

"రంగారేదాకా రెక్కల్ని ఆడిస్తుండాలని తెలీదుటయ్యా?" అన్నాడు కమ్మరి సెత్.

"ఎప్పుడూ తెరవని గేటును ఆడించడమెందుకు?"

"మరి ఇవాళ తెరుస్తానని ఊరంతా టముకేశావుగా!"

విల్ఫ్ పెళ్లికోటుతోనే మోకాళ్లమీద కూలబడి చాకుతో గీకసాగాడు.

"ఏమయ్యా, పెళ్లాడింది నన్నా, గేటునా?" అంది డోర్కస్.

"నీకు మాటిచ్చానే!"

"మాట తర్వాత. కేకు లోపలుంది, వాన బయటుంది. పద!"

గౌను ఎత్తిపట్టి ఆమె గోడవెంట నడిచింది. వెనక మేమంతా. చెక్క తలుపు దాటి, చిక్కుడు పందిళ్లు రాసుకుంటూ వెళ్లాం.

"పెళ్లికూతుర్ని కూరగాయల దారిన తెచ్చాను," అన్నాడు విల్ఫ్, ఏడుపొక్కటే తక్కువగా.

డోర్కస్ ఆగిపోయింది. వెచ్చటి ఇటుక గోడకు ఆనించి పెంచిన పీచ్ చెట్లు కొమ్మల చేతులు చాపి, కాయలతో నిలబడ్డాయి. అన్నీ విల్ఫ్ పెంచినవే.

"పిచ్చివాడా! ఇంత తోట పెట్టుకుని ఇన్నాళ్లూ నాకు ఇనుప గులాబీలు చూపించావా?"

అతని ముఖం అప్పుడు తెరుచుకుంది.

ఇప్పటికీ ఏటా అతను రంగేస్తాడు. అది ఆరేదాకా డోర్కస్ కుర్చీ వేసుకుని, అల్లిక పని చేసుకుంటూ, కాలితో గేటును తోస్తూ లాగుతూ ఉంటుంది. తెరిచినప్పుడల్లా దారినపోయేవాళ్లం ఒకసారి లోపలికెళ్లి వస్తాం. మొన్న నేనూ దర్జాగా వెళ్లాను. స్కర్టుకంటిన బంగారం ఇంకా వదల్లేదు.