నోరు తెరవలేని మనిషికి మత్తు

రిటైర్ కావడానికి రెండేళ్ల ముందు, పత్తి తీతల కాలంలో, నన్ను ఆదోనిలోని ఒక ఆసుపత్రికి సీనియర్ మత్తు వైద్యుడిగా వేశారు. చేరిన రెండో వారంలో గోనెగండ్ల నుంచి మాబున్ని అనే కూలి మనిషిని ఆమె భర్త ఖాసిం తీసుకొచ్చాడు. పుచ్చిన దవడ పన్ను చీము పట్టి, గడ్డం కింద రెండు వైపులా గట్టిగా వాచింది. నాలుక పైకి లేచింది. పళ్ల మధ్య నా చిటికెన వేలు కూడా దూరలేదు.

చీము తీయకపోతే వాపు గొంతును మూసేస్తుంది. తీయాలంటే మత్తు ఇవ్వాలి. మామూలుగా రోగిని నిద్రపుచ్చి, నోరు తెరిచి, శ్వాసనాళంలోకి గొట్టం వేస్తాం. ఈమెను నిద్రపుచ్చితే కండరాలు సడలి, ఉన్న కాస్త దారీ మూసుకుపోతుంది. అందుకే మెలకువగా ఉండగానే ముక్కులోంచి, కొనకు కెమెరా ఉన్న సన్నని స్కోపు మీదుగా గొట్టం వేయాలనుకున్నాను. అదీ కుదరకపోతే మెడకు రంధ్రం చేయడానికి సర్జన్‌ను సిద్ధంగా ఉండమన్నాను.

“ఇంటికి పిల్సకపోతానా సార్?” అని అడిగాడు ఖాసిం, ఆపరేషన్ ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెడుతూ. ప్రయత్నిస్తామని మాత్రమే చెప్పాను.

ముక్కుకు, గొంతుకు తిమ్మిరి మందు పట్టించాను. ఆమెను వెనక్కి వాల్చి, అలవాటు ప్రకారం తల వైపు నిలబడి స్కోపు దింపాను. తెర మీద ఉమ్మి, కొంచెం నెత్తురు తప్ప ఏమీ కనిపించలేదు. మానిటర్ కూత శ్రుతి దిగసాగింది. ఆక్సిజన్ అంకె తొంభై కిందికి దిగింది. సర్జన్ కత్తి అందుకున్నారు.

మాబున్ని నా చెయ్యి తోసేసి లేచి కూర్చుంది. నర్సు పట్టుకోబోయింది.

“పండుకుంటే గొంతు మూసకపోతాంది సార్. కూసోనీండి. నేను కదల్ను,” అంది పళ్ల సందులోంచి, ఒక్కో మాటా విడివిడిగా.

వదిలేయమన్నాను. ముందుకు వంగగానే ఉమ్మి బయటికి కారింది, అంకె మెల్లగా పైకొచ్చింది. నేను ఆమెకు ఎదురుగా వచ్చి నిలబడ్డాను. అలా నిలబడితే తెర మీద అన్నీ తలకిందులు. నాకది అలవాటు లేదు. మోచేతిని ఒంటికి ఆనించుకుని, ఊపిరి గట్టిగా పీల్చమన్నాను. పీల్చింది. స్వరతంతువులు విచ్చుకున్నాయి. స్కోపు దిగింది, దాని మీదుగా గొట్టం దిగింది. గొట్టం శ్వాసనాళంలోనే ఉందని తెలిపే, వదిలిన ఊపిరి గీత మానిటర్‌లో కనిపించాకే నిద్రమందు ఎక్కించాను. సర్జన్ చీము తీశారు.

వాపు తగ్గేదాకా గొట్టం ఉంచి, మూడో రోజు తీశాను. తీశాక కూడా గొంతు మూసుకుపోవచ్చు కాబట్టి గంటసేపు మంచం పక్కనే కూర్చున్నాను. ఆమె నీళ్లు అడిగింది. వారం తర్వాత ఇద్దరూ ఇంటికి వెళ్లారు.

ఆమెను వెనక్కి వాల్చింది నా సౌకర్యం కోసం. రాత్రిళ్లు పడుకుని నిద్రపోతున్నావా, కూర్చునా అని కూడా ముందు అడగలేదు. మిగిలిన ఉద్యోగకాలమంతా నోరు, దవడ ఆపరేషన్లకు వచ్చిన ప్రతి మనిషినీ ఎట్లా ఉంటే ఊపిరి బాగా ఆడుతుందో అడిగి, ఆ జవాబును కేసు షీటులో మొదటి వరుసలో రాశాను.