నేనెక్కించిన రీలు

మా పాత పక్కింటి టీచరమ్మగారు పోయారని మొన్న శుక్రవారం పొద్దున్నే కబురొచ్చింది. మేం రాజోలు వదిలి అమలాపురం వచ్చేసి నాలుగేళ్ళు. బస్సు పట్టుకుని వెళ్ళేసరికి ఆవిడని హాల్లో పెట్టెలో పడుకోబెట్టారు. కళ్ళజోడు తీసేసిన ఆ ముఖం ఎవరో పరాయి మనిషిలా కనిపించి, ఏడుపు ఆగలేదు.

తొంభైల్లో నేను కొత్తగా కాపురానికి వెళ్ళింది ఆవిడ పక్క వాటాలోకే. ఆవిడ పెళ్ళి చేసుకోలేదు. బడి, ఆదివారం చర్చి, ముసలి తల్లి, ఒక పాత కెమెరా. వీధిలో ఎవరింట బారసాలైనా బాప్తిస్మమైనా ఫొటోలు ఆవిడే తీసేవారు. ఖాళీ రీలు డబ్బాల్లో లవంగాలూ గుండుసూదులూ దాచేవారు. కెమెరాలో రీలు ఎక్కించడం నాకు నేర్పింది ఆవిడే. ఫిల్ము కొస లాగి, అవతలి ఇరుసు చీలికలో దూర్చి, చిల్లులు పళ్ళమీద కూర్చోబెట్టి మూత వేయాలి. మీట తిప్పినప్పుడు ఎడమవైపు నాబ్ కూడా తిరుగుతోందో లేదో చూడాలి.

"పైన కనిపించే ఫొటోల అంకెల్ని నమ్మకమ్మా. లోపల ఫిల్ము కదలకపోయినా అవి మారిపోతూనే ఉంటాయి," అనేవారు. నాకు వంట రాదని అత్తగారు దెప్పే రోజుల్లో, "బాగా ఎక్కించేవే!" అని ఆవిడ మెచ్చుకుంటే ఏనుగెక్కినంత సంబరం.

ఓ ఏడు వాళ్ళమ్మగారి ఎనభయ్యో పుట్టినరోజుకి కృతజ్ఞత కూడిక పెట్టారు. ఏదో మాటపట్టింపుతో పన్నెండేళ్ళుగా ఆ గడప తొక్కని అన్నగారు కాకినాడ నుంచి వచ్చారు. తల్లి ఆయన చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"ఇవాళ నేనూ ఫొటోలో ఉంటానమ్మా. రీలు నువ్వే ఎక్కించి నువ్వే తియ్యి," అన్నారు టీచరమ్మగారు.

హడావిడిలో ఎక్కించాను. నాబ్ చూడలేదు. ముప్పయ్యారు ఫొటోల రీల్లో అంకె ముప్పయ్యెనిమిది దాకా వెళితే, రెండు ఫొటోలు కలిసొచ్చాయని మురిసిపోయాను కూడా. మర్నాడు ఆవిడ నాబ్ పట్టుకుంటే వదులుగా తిరిగింది. మూత తీసి చూస్తే ఫిల్ము కొస చీలికలోంచి జారిపోయి ఉంది. ఒక్క ఫొటో కూడా పడలేదు. అప్పటికే అన్నగారు వెళ్ళిపోయారు.

"పోన్లే, మళ్ళీ పిలుద్దాం," అన్నారావిడ. ఇరవై రోజులకే తల్లి పోయింది.

సమాధుల తోట నుంచి వచ్చాక అన్నగారు అడిగారు, "ఆవేళ తీసిన ఫొటో ఏదే?" నేను అక్కడే కాఫీ గ్లాసులు అందిస్తున్నాను.

"రీలు సరిగ్గా పడలేదన్నయ్యా. తప్పు నాదే."

"అమ్మతో నాకున్న ఒక్క ఫొటో. అదీ పోగొట్టేవా!" ఆయన లేచి వెళ్ళిపోయారు. మళ్ళీ ఆ ఇంటికి రాలేదు.

నేను నోరు విప్పలేదు. మొదట్లో భయం, తర్వాత ఇప్పుడెందుకులే అన్న పిరికితనం. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. పై నెల కొన్న కొత్త రీలు నా చేతికే ఇచ్చి ఎక్కించమన్నారు. ఏళ్ళ తరబడి ఆవిడ పెట్టిన కాఫీ తాగుతూ, అన్నగారి నుంచి ఉత్తరం లేదని ఆవిడ అంటుంటే వింటూ కూర్చున్నాను. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది.

మొన్న శుక్రవారం అన్నగారు చేతికర్రతో వచ్చి పెట్టె పక్కన కూర్చున్నారు. వెళ్ళి చెప్పాను. "అమ్మగారి పుట్టినరోజున ఆ రీలు ఎక్కించింది టీచరమ్మగారు కాదండి."

"మరి? నువ్వా?"

"ఆయ్. నేనేనండి."

"చెల్లి నాతో ఎందుకు చెప్పలేదమ్మా?"

"నేను చెబుతానని చూసేరేమోనండి."

ఆయన నన్ను తిట్టలేదు. కర్ర కింద పెట్టి, చెల్లెలి ముఖం మీదికి వంగి, "ఒసే పిచ్చిదానా, నేనొచ్చేనే," అన్నారు. చెవుడున్నవాళ్ళతో మాట్లాడినట్టు గట్టిగా, మళ్ళీ మళ్ళీ అన్నారు. పెట్టె మూయడానికి వచ్చినవాళ్ళు గుమ్మంలోనే నిలబడిపోయారు.