తెరిచిన తుపాకి

ఢిల్లీ కంటోన్మెంట్ స్టేషన్లో దిగేసరికి మే నెల మిట్టమధ్యాహ్నం. ఒక ట్రంకు పెట్టె, ఒక బెడ్డింగు, భుజాన కిట్ బ్యాగు. అంతకుముందు రెండేళ్ళు కాశ్మీరు కొండల్లో ఉన్నాను, తడిసిన బూట్లు కిరోసిన్ బుఖారీ పొయ్యి పక్కన ఆరబెట్టుకుంటూ. ఇక్కడ ట్రంకు పిడి పట్టుకుంటే చెయ్యి చుర్రుమంది. వడగాలి మొహాన కొడుతోంది. "ఢిల్లీ పోస్టింగా! అదృష్టవంతుడివిరా" అన్నవాళ్ళందరినీ తెచ్చి ఆ ప్లాట్‌ఫారం మీద నిలబెట్టాలనిపించింది.

మా యూనిట్ ధౌలా కువాన్‌కి దగ్గర. లారీలు, జీపులు, వాటిని నడిపే మనుషులు. రిపోర్టు చేసిన మర్నాడే నన్ను కోత్‌లో వేశారు. కోత్ అంటే ఆయుధాల గది. ఒక ఇనప తలుపు, దాని వెనక ఇనప ఊచలు, రెండు తాళాలు, రెండు తాళాలకీ వేర్వేరు మనుషులు, బయట సెంట్రీ. లోపల నూనె వాసన. కిటికీ లేదు. కొండల్లో చలికి చావలేదు గానీ ఇక్కడ ఉడికి చస్తానేమో అనుకున్నాను.

కోత్‌కి పెద్ద ఒక సుబేదార్ సాబ్, గఢ్వాల్ మనిషి. పొట్టిగా, గట్టిగా ఉండేవాడు. నవ్వితే ఆ రోజు మెస్సులో అందరూ చెప్పుకునేవాళ్ళు. మొదటిరోజు ఒక రైఫిల్ తీసి, బోల్టు వెనక్కి లాగి, లోపల ఖాళీ అని నాకు చూపించి చేతికిచ్చాడు. నేను తీసుకుని స్టాండులో పెట్టబోయాను.

"ఖోల్ కే దిఖావ్."

తెరిచి చూపించమని. "సాబ్, ఇప్పుడే కదా మీరు చూపించారు?" అన్నాను.

"వో మైనే దిఖాయా. అబ్ తూ దిఖా."

ఆయన చూపించింది ఆయన లెక్కట. ఇప్పుడు నేను చూపించాలి. తిక్క రేగింది కానీ చూపించాను. అది మొదలు ఆ గదిలో చేతులు మారిన ప్రతి ఆయుధానికీ అదే తంతు. ఇచ్చేవాడు తెరిచి చూపిస్తాడు, తీసుకున్నవాడు మళ్ళీ తెరిచి చూపిస్తాడు. కమాండింగ్ ఆఫీసర్ వచ్చి పిస్టల్ అడిగినా అంతే. ఆయన కూడా నోరెత్తకుండా చూపించేవాడు, భలే మనిషి.

ఊళ్ళో వాళ్ళకి తెలియని సంగతొకటి చెప్పాలి. కోత్‌లో సర్కారు ఆయుధాలే కాదు, జవాన్ల సొంత తుపాకులు కూడా ఉంటాయి. పెన్షన్ దగ్గర పడినవాడు ముందుచూపుతో లైసెన్స్ తీసుకుని ఒక పన్నెండు బోరు తుపాకి కొనుక్కుంటాడు. బ్యాంకు కాపలా ఉద్యోగానికి వెళితే మొట్టమొదటి ప్రశ్న "సొంత తుపాకీ ఉందా?" అని కాబట్టి. అది కొన్నాక ఇంట్లో మంచం కింద పెట్టుకోవడం కాదు, యూనిట్ కోత్‌లో జమ చెయ్యాలి. మామూలు జనానికైతే పోలీస్ స్టేషనో, లైసెన్స్ ఉన్న తుపాకుల దుకాణమో. అంతేగానీ స్నేహితుడి బీరువా కాదు, మేనమామ అటక కాదు. మేం జమ చేసుకుని, పేరు రాసిన చీటీ తుపాకికి కట్టి, రసీదు ఇస్తాం. తూటాలు వేరే గదిలోకి పోతాయి.

అలా పెట్టిన వాళ్ళలో ఒకడు డ్రైవర్ హవల్దార్. నంద్యాల వైపు మనిషి. నేను గిద్దలూరు వాణ్ణి కాబట్టి మొదటిరోజే "మా పక్కూరోడివే గదరా!" అని వీపు మీద ఒక్కటిచ్చాడు. అన్నా అని పిలిచేవాణ్ణి. కొండ రోడ్ల మీద, మంచులో, ఒక పక్క లోయలోకి చక్రం జారుతున్నా లారీని ఆపకుండా కాన్వాయ్ నడిపించినవాడని యూనిట్లో పేరు. డబల్ బ్యారెల్ కొన్నరోజు కోత్‌కి తెచ్చి, పెళ్ళికూతురిని చూపించినట్టు చూపించాడు. పెన్షన్ తర్వాత గుర్గావ్‌లో బ్యాంకు గార్డు, కూతురికి కాలేజీ, ఇద్దరు మనుషులకి చిన్న ఇల్లు. అంతా అనుకుని పెట్టుకున్నాడు.

ఆ చలికాలం వదిన పోయింది. కిడ్నీల జబ్బు. ఆస్పత్రి నుంచి చితి దాకా మేమే మోశాం. తర్వాత అన్న మాట తగ్గింది. డ్యూటీ మాత్రం తప్పలేదు. బండి కడిగేవాడు, నడిపేవాడు, వచ్చి తాళం ఇచ్చేవాడు. కూతుర్ని సరోజినీ నగర్‌లో ఉండే మేనమామ ఇంట్లో పెట్టాడు, పరీక్షలు కదా అని. ఆ మేనమామ, అంటే అన్న బావమరిది, కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా. నోరు ఆగని మనిషి, మనసు వెన్న.

వేసవిలో అన్న సెలవు తీసుకున్నాడు. లైసెన్స్ రెన్యువల్‌కి తుపాకి చూపించాలని, కంపెనీ కమాండర్ సంతకంతో కోత్ నుంచి దాన్నీ, తూటాల డబ్బానీ తీసుకుని ఊరెళ్ళాడు. ఇచ్చేముందు నేను తెరిచి చూపించాను, తీసుకుని తనూ తెరిచి చూపించాడు. అంతా సవ్యమే.

ఒక ఆదివారం పొద్దున ఆ బావమరిది ఫోన్ చేశాడు.

"తమ్ముడూ, నువ్వు జల్దీ మా ఇంటికి రా. ఫోన్లో చెప్పేది కాదు."

"ఏమైంది?"

"అరే రా భయ్యా, ప్లీజ్!"

వెళ్ళాను. మార్కెట్ దగ్గర అప్పటికే జనం, బట్టల గుట్టలు, "దో సౌ, దో సౌ" అని రెండొందల అరుపులు. గవర్నమెంట్ క్వార్టర్లో రెండో అంతస్తు. ఆయన తలుపు తీసి, నన్ను లోపలికి లాగి, గడియ పెట్టి, బీరువా పైకి చూపించాడు. సూట్‌కేసుల వెనక దుప్పటి చుట్టిన పొడుగాటి మూట. అది ఏమిటో విప్పకుండానే తెలిసిపోయింది.

జరిగింది ఇది. అన్న సెలవు ఇంకా మిగిలి ఉండగానే, ఎవరికీ చెప్పకుండా తిరిగొచ్చేసి, యూనిట్ గేటు బయట ఉన్న తన క్వార్టర్లో ఒక్కడే ఉన్నాడు. ఆ పొద్దున బావమరిది టిఫిన్ డబ్బా పట్టుకుని వెళ్ళాడు. అన్న స్నానం చేస్తున్నాడు. మంచం మీద తుపాకి. పక్కన వదిన చీర మడత. ఈయన ఇంకేం ఆలోచించలేదు. దుప్పటి చుట్టేసి, కారు వెనక సీట్లో పడేసి, ఇంటికి తెచ్చేశాడు.

"నేనేం తప్పు చేసినా చెప్పు? మా అక్క పోయింది. ఆయనకేమన్నా అయితే ఆ పిల్లకి ఎవరున్నారు? నా బీరువాలో ఉంటే ఎవరికి నష్టం?"

"మీకే నష్టం. లైసెన్స్ మీ పేరున ఉందా? పోలీసులు 'పాపం బావ మీద ప్రేమతో' అని రాసుకోరు. లైసెన్స్ లేనివాడి దగ్గర తుపాకి అని రాసుకుంటారు. జైలు. ఉద్యోగం గోవిందా."

"అయితే నువ్వు పట్టుకుపో. నువ్వు మిలిటరీవాడివి గదా!"

"నాకు మాత్రం లైసెన్స్ ఉందా? నేను పట్టుకుపోయినా అదే కేసు."

నిజానికి దాన్ని తాకే హక్కు నాకూ లేదు. కానీ నిండుగా ఉందో ఖాళీయో చూడకుండా ఆ ఇంట్లో వదలడం మహాపాపం. ఆయన్ని గదిలోంచి బయటికి పంపి, మూట దించి, గొట్టాలు గోడవైపు పెట్టి, మధ్యకి వంచి తెరిచాను.

రెండు గొట్టాల్లోనూ తూటాలున్నాయి.

ఓరి నాయనా! ఆదివారం సరోజినీ నగర్ జనంలోంచి, స్పీడ్ బ్రేకర్ల మీద ఎగిరెగిరి వచ్చిందిది. దానికన్నా పెద్ద భయం ఇంకొకటి. ఆ తూటాలు పెట్టింది అన్న. ఇరవై ఏళ్ళకి పైగా ఆయుధం పట్టినవాడు నిండిన తుపాకి మంచం మీద మరిచిపోడు. రెండూ తీసి బల్ల మీద పెట్టాను. బావమరిది గుమ్మంలోంచి వాటిని చూసి నేల మీద కూలబడ్డాడు.

సుబేదార్ సాబ్‌కి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. అంతా విని ఆయన అడిగింది ఒక్కటే.

"లైసెన్స్ కిస్‌కా?"

"డ్రైవర్ హవల్దార్‌ది సాబ్."

"తో వహీ లాయేగా."

అతనిది కాబట్టి అతనే తేవాలట. నాకు కోపం వచ్చింది. "సాబ్, దేనికైతే భయపడుతున్నామో అది మళ్ళీ ఆయన చేతికే ఇమ్మంటారా?"

ఆయన నెమ్మదిగా అన్నాడు, "ఛీన్ కే మత్ లానా. ఉస్‌సే బాత్ కర్. సాథ్ చల్." లాక్కుని తేవద్దు, మాట్లాడు, పక్కన నడిచి రా. ఆదివారం కోత్ తెరవరు. కంపెనీ కమాండర్ అనుమతి తాను తీసుకుంటానని, తలుపు దగ్గరే ఉంటానని చెప్పి పెట్టేశాడు.

అన్నకి ఫోన్ చేశాను. మొదటి రింగుకే ఎత్తాడు. క్వార్టరంతా తిరగేసి, పోయిందని గార్డు రూములో చెప్పడానికి బయల్దేరుతున్నాడట.

"అన్నా, తుపాకి నీ బావమరిది ఇంట్లో ఉంది. నేను పక్కనే ఉన్నా. లైసెన్స్ తీసుకుని, తూటాల డబ్బా కూడా పట్టుకుని రా."

"వస్తాండా" అన్నాడు.

వచ్చాడు. లోపలికి అడుగు పెడుతూనే బావమరిది మీద లేచాడు. "రేయ్, నా తుపాకి నువ్వెట్ల ముడ్తావురా? నేనేమన్నా పిచ్చోణ్ణి అనుకుంటివా?"

"కొట్టు బావా, కొట్టు. నీ చేతిలో దెబ్బలు తింటా గానీ నిన్ను పోగొట్టుకోలేను" అని ఆయన ఏడుపు.

బల్ల మీదున్న రెండు తూటాల వైపు చూపించాను. "లోడ్ అయి ఉంది అన్నా."

అంతే. మనిషి అక్కడే ఆగిపోయాడు. లోపలి గది గుమ్మంలో కూతురు నిలబడి ఉంది, చేతిలో పుస్తకం. ఆ పిల్లకి తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలోనే. ఏడవలేదు. తండ్రిని సూటిగా చూసి, "పాపా, జమా కరా దో నా" అంది. జమ చేసెయ్ నాన్నా అని.

అన్న కుర్చీలో కూర్చున్నాడు. నీళ్ళు అడిగాడు. గ్లాసు ఖాళీ చేసి, చొక్కా జేబులోంచి లైసెన్స్ తీసి చూసుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. లేచి, ఆ రెండు తూటాలూ తీసి డబ్బాలో పెట్టాడు. తుపాకి ఎత్తి, తెరిచి, నాకు చూపించాడు. ఖాళీ. కవరులో పెట్టి జిప్పు లాగాడు.

"పద" అన్నాడు.

బావమరిది కారు నడిపాడు. తూటాల డబ్బా డిక్కీలో, తుపాకి కవరు అన్న కాళ్ళ దగ్గర, నేను పక్కన. ధౌలా కువాన్ ఫ్లైఓవర్ కింద ట్రాఫిక్ ఆగిపోయింది. ఏసీ లేదు. కిటికీలోంచి అగ్గి లాంటి గాలి. అన్న ముందు సీటు వైపు చూస్తూ చెప్పాడు.

"నిన్న పెట్టినా అవి. పెట్టినాక మళ్ల తీసేదానికి చేతులు రాలే. పాప గుర్తొచ్చె. అట్నే మంచం మీద పెట్టి కూచున్నా. పొద్దున లేసి స్నానానికి పోయినా, ఒచ్చినాక ఏం జేస్తునో నాకే తెల్దు."

నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. గేటు వచ్చేదాకా వదల్లేదు.

బావమరిది కారుకి పాస్ లేదు, గేటు బయటే ఆపేశారు. అక్కణ్ణుంచి కోత్‌కి పెరేడ్ గ్రౌండ్ దాటి వెళ్ళాలి. నీడ అన్నది లేదు. అన్న కవరు తీసేశాడు. తుపాకిని మధ్యకి వంచి తెరిచి, మోచేతి మీద వేసుకున్నాడు, దూరం నుంచి ఎవరు చూసినా ఖాళీ అని తెలిసేలా. రెండో చేతిలో తూటాల డబ్బా. నన్ను వెనక రమ్మన్నాడు. ఆయన ముందు నడిచాడు.

అవతల కోత్ గుమ్మంలో సుబేదార్ సాబ్. ఆదివారం, ఆ ఎండలో, బెల్టు, బూట్లతో పూర్తి యూనిఫాం. అన్న దగ్గరికొచ్చేసరికి మడమలు కలిపి, నిటారుగా సావధాన్‌లోకి వచ్చాడు. సుబేదార్ ఒక హవల్దార్ కోసం అలా నిలబడటం నేనెక్కడా చూడలేదు.

ఆ రోజు మాత్రం ఆయన "ఖోల్ కే దిఖావ్" అనలేదు. అన్నే తుపాకిని ఎత్తి పట్టి చూపించాడు. సాబ్ వేలు పెట్టి రెండు గొట్టాలూ తడిమి, తీసుకుని, ఆయనా తెరిచి చూపించాడు. చీటీ కట్టాడు. రసీదు రాసిచ్చాడు.

"సాబ్, నేనడిగినా ఇవ్వద్దండి" అన్నాడు అన్న, హిందీలో.

"నీదే కదా, అడగొచ్చు. ముందు డాక్టర్ దగ్గరికెళ్ళు. తర్వాత కంపెనీ కమాండర్ సంతకం. తర్వాత నాతో కూర్చుని చాయ్ తాగు. అప్పుడడుగు" అన్నాడు సాబ్. చాయ్ మాత్రం అప్పుడే తెప్పించాడు, గుమ్మంలోనే ముగ్గురం తాగాం.

అన్న డాక్టర్ దగ్గరికి వెళ్ళాడు. చాలాకాలం వెళ్ళాడు. కంపెనీ కమాండర్ మేడమ్ బావమరిదిని పిలిపించి గట్టిగా చీవాట్లు పెట్టి, చివర్లో చెయ్యి కలిపిందట. అది ఆయన ఇప్పటికీ అందరికీ చెప్పుకుంటాడు. పెన్షన్ వచ్చినప్పుడు అన్న తుపాకి అడగలేదు. కాగితాల ప్రకారం లైసెన్స్ ఉన్న దుకాణానికి అమ్మేసి, లైసెన్స్ కూడా అప్పగించేశాడు. ఇప్పుడు గుర్గావ్‌లో స్కూలు బస్సు నడుపుతున్నాడు. కూతురు ధౌలా కువాన్ దగ్గరి కాలేజీలో చదువుతోంది.

నేనూ సర్వీసు నుంచి దిగిపోయి ఊరొచ్చేశాను. టీ కొట్టు దగ్గర జనం అడుగుతారు, ధైర్యమంటే ఏమిటో చూశావా అని. వాళ్ళకి కొండలు, కాల్పులు కావాలి. అవీ చూశాను, చెబుతాను కూడా. మొన్న ఎన్నికలకి లైసెన్స్ తుపాకులన్నీ పోలీస్ స్టేషన్లో జమ చెయ్యమన్నప్పుడు మా వీధిలో ఒక రైతు తన తుపాకి సంచిలో పెట్టుకుని మా ఇంటికొచ్చాడు, "నువ్వు మిలిటరీవాడివి, ఎన్నికలయ్యేదాకా నీ దగ్గర పెట్టుకో" అని. "తెరిచి చూపించు" అన్నాను. చూపించాడు. "పద పెద్దాయనా, స్టేషన్‌కి. నువ్వే పట్టుకో, నేను పక్కన నడుస్తా" అన్నాను.

దారిలో ఆయన ఏదో పంటల సంగతి చెబుతున్నాడు. నాకు వినపడలేదు. ఆ పెరేడ్ గ్రౌండే కళ్ళ ముందుంది. అన్న తుపాకి ఎత్తి పట్టినప్పుడు నేను సరిగ్గా వెనక ఉన్నాను. ఖాళీ గొట్టాలు రెండింటిలోంచీ అవతలి ఆకాశం కనిపించింది, గుండ్రంగా, తెల్లగా, రెండు బిళ్ళలు.