ఏ వైపూ లేని బాతులు

పోయిన మంగళవారం ఆఫీసులో ఉండగా మాస్టారి భార్య, ఆంటీ, ఫోన్ చేశారు. "మాస్టారు పోయారమ్మా. పొద్దున్న కాఫీ తాగి పడుకున్నారు. మళ్ళీ లేవలేదు."

మాస్టారంటే, డెబ్బయ్యో దశకం చివర అలాస్కాలో నాకు పక్షుల గురించి నేర్పిన తెలుగాయన. సముద్రపు ఒడ్డున చిత్తడి నేలల్లో అడవిబాతుల గూళ్ళు లెక్కపెట్టడం ఆయన పని. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, కోటు జేబులో ఆవకాయ సీసా. బాతు కాలికి నంబరున్న కడియం వేస్తూ, "సారీ తల్లీ, ఒక్క నిమిషం ఓర్చుకో" అనేవారు. నేను నవ్వితే, "నీ కాలు పట్టుకుంటే నువ్వూరుకుంటావా?" అని కసిరేవారు. నా నోట్‌బుక్ దిద్దుతూ, "చూసింది రాయి. చూడాలనుకున్నది రాయకు" అనేవారు. ఈనాటికీ ఏది రాసినా ఆ మాట గుర్తొస్తుంది.

ఏటా గూళ్ళు తగ్గుతూ వచ్చాయి. వేటకు హద్దులు పెట్టమని మాస్టారు నివేదికలు రాశారు. పై అధికారులు నమ్మలేదు. "బాతులు తగ్గలేదు, మధ్యలో ఉన్న జలసంధి దాటి రష్యా వైపు వెళ్ళిపోయి ఉంటాయి" అన్నారు. అటువైపు కూడా బాతుల్ని లెక్కపెట్టే శాస్త్రవేత్త ఒకావిడ ఉండేది. ఇద్దరూ ఎన్నడూ కలుసుకోలేదు, కడియాల నంబర్లు ఉత్తరాల్లో చెప్పుకొనేవారు. రెండు ప్రభుత్వాలకూ చెడ్డాక ఆ ఉత్తరాలు ఆగిపోయాయి. వెళ్ళి చూసొస్తానంటే మాస్టారికి వీసా రాలేదు.

"సగం లెక్కతో ఎలా ప్రూవ్ చెయ్యనమ్మా?" అని నన్నడిగేవారు.

కొన్నేళ్ళకు ఎవరో ప్రయాణికుడి చేతిమీదుగా ఆవిడ ఉత్తరం వచ్చింది. మాస్టారు చదివి నాకిచ్చారు. "ఇక్కడ బాతులు బాగా తగ్గిపోయాయి. మీ వైపు వచ్చేశాయని మావాళ్ళు అంటున్నారు. నిజమేనా?"

"నా లెక్క తప్పయినా బాగుండేది" అన్నారాయన.

ఆ ఉత్తరం పై అధికారులకు చూపిస్తే, అది అధికారిక పత్రం కాదన్నారు. ఆ ఏడాదే ప్రాజెక్టు ఆపేశారు. నేను న్యూజెర్సీలో ఉద్యోగం చూసుకున్నాను. "వెళ్ళమ్మా, నువ్వైనా బాగుపడు" అన్నారు మాస్టారు. కోప్పడి ఉంటే నాకింత బాధ ఉండేది కాదు.

బయలుదేరే ముందు ఇద్దరం చివరిసారి ఆ నేలకు వెళ్ళాం. ఒకప్పుడు అక్కడ అడుగు పెట్టడానికి సందుండేది కాదు. ఆ రోజు పొద్దంతా నడిచినా ఒక్క బాతు అరుపూ వినబడలేదు. మాస్టారు తడి గడ్డిలో మోకాళ్ళ మీద కూర్చుని, ఒక పాత గూటిలో అరచెయ్యి పెట్టారు. అడుగున ఇంకా కాస్త ఈకల నూగు మిగిలి ఉంది. చాలాసేపు ఆ చెయ్యి తియ్యలేదు.