మగపిల్లల్నీ తీసుకురమ్మన్న మా డాక్టరమ్మ

నిన్న ఉదయం ఫిల్మ్ నగర్‌లో ఆటో దిగుతుంటే ఫోన్. "డాక్టరమ్మ గారు నిద్రలోనే ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారు బ్రదర్."

ఆ తర్వాత రోడ్డు మీద షూటింగ్ వ్యాన్లు చప్పుడు లేకుండా కదిలాయి. నేను నీళ్ల అడుగున నిలబడి చూస్తున్నట్టు.

మన సంఘంలో ఆవిడ సూది పడని పిల్లలెవరు?

ఆరు నెలల క్రితం ఆరాధన అయ్యాక లైంగికంగా సోకే హెచ్‌పీవీ వైరస్‌కి వేసే టీకా గురించి చెప్పారు, గుర్తుందా? ఆడపిల్లలతో పాటు మగపిల్లల పేర్లూ ఇవ్వమన్నారు.

నేను మైకు లాక్కున్నాను. "గర్భసంచి ముఖద్వార క్యాన్సర్ టీకా మగపిల్లాడికెందుకండీ? మన బిడ్డల నడతను అనుమానిస్తారా?"

ఆమెన్‌లు మోగాయి. ముగ్గురు తల్లులు కొడుకుల పేర్లు కొట్టేయించుకున్నారు.

మెట్ల దగ్గర ఆవిడ నన్ను ఆపారు. నా చేతిలోని గ్రంథం వైపు చూసి నవ్వారు.

"బ్రదర్, ఐగుప్తులో చావు ఇంట్లోకి రాకుండా గుమ్మాలకి గొర్రెపిల్ల రక్తం పూసింది ఎవరి కోసమండీ?"

"మొదట పుట్టిన కొడుకుల కోసం."

"వాళ్ల నడతను అనుమానించి పూశారా?"

ముప్పై ఏళ్లుగా నేను బోధిస్తున్న భాగం.

"నేనూ చాలా ఏళ్లు అబ్బాయిల తల్లుల్ని 'మీకక్కర్లేదమ్మా' అని పంపేశానండి. మా డాక్టర్లలో చాలామందిమి అంతే. అడిగితే మీ ఇష్టం అంటాం. అడక్కపోతే ఊరుకుంటాం. మా వీధిలో డబ్బింగ్ చెప్పే అతనికి ఈ వైరస్ వల్లే గొంతు క్యాన్సర్ వచ్చింది. ఆ గొంతే అతని అన్నం. అప్పుడు సిగ్గేసింది."

ఆ వారమే మా అబ్బాయి జోయెల్‌ని ఆవిడ క్లినిక్‌కి తీసుకెళ్లాను.

దూది ఒత్తుతూ అన్నారు, "అదే మైకులో చెప్పండి మరి."

"వచ్చే ఆదివారం" అన్నాను.

ఎన్ని ఆదివారాలు పోయాయో! నా కొడుకుని గుమ్మం లోపల దాచుకున్నాను. మీ కొడుకుల్ని బయట వదిలేశాను. ఇదా బోధకుడి బ్రతుకు?

నిన్న క్లినిక్ ముందు చాలాసేపు నిలబడ్డాను. షట్టర్ దించేశారు. గోడ మీద ఆవిడ వేయించిన నీలం చేపలు మాత్రం ఇంకా ఈదుతున్నట్టే ఉన్నాయి.

జోయెల్ కార్డు మీద రెండో డోసు తేదీ ఆవిడ చేతిరాతలో ఉంది. వచ్చే సోమవారం.

ఆ ముగ్గురు తల్లులకు మైకులో అనవలసింది ఈ నివాళిలో అంటున్నాను. తప్పు నాది. పిల్లల్ని తీసుకుని సోమవారం నాతో వేరే ఆసుపత్రికి రండి. ఏ డాక్టరైనా "అబ్బాయికెందుకు" అంటే, నేను మాట్లాడతాను.

డాక్టరమ్మా, ఇక వెళ్లి రండి. ఏడ్చే పిల్లల్ని ఎంతమందిని ఊరుకోబెట్టిన చేతులో అవి. ప్రభువు సన్నిధిలో వాటికి విశ్రాంతి దొరకాలి.