తరుగు పైకి చదివి రాయాలి

పత్తి సీజన్‌లో మా మిల్లు గేటు దగ్గర ట్రాక్టర్ల వరస మెయిన్ రోడ్డు దాకా ఉంటుంది. గుంటూరు నుంచి చిలకలూరిపేట వెళ్లే దారిలో ఉంది మా మిల్లు. గింజ తీసే జిన్నింగూ, నూలు వడికే స్పిన్నింగూ రెండూ ఇక్కడే. గేటు పక్కన అద్దాల గదిలో కాటా దగ్గర కూర్చునేది నేను. ఇరవై రెండేళ్లుగా నేనే. మిల్లులో నన్ను పేరుతో పిలిచేవాళ్లు లేరు. చిన్నవాళ్లకి కాటా అక్కని, పెద్దవాళ్లకి కాటా అమ్మాయిని. ఈ మాట చెప్పుకోవడం నాకు గర్వంగానే ఉంటుంది, దాచుకోవడం దేనికి?

నా కాటా దగ్గర ఒక పద్ధతుంది. ట్రాక్టరు ఎక్కుతుంది, తూకం వస్తుంది, తేమ మిషన్ పెట్టి చూస్తారు. తేమ ఎక్కువుంటే తూకంలోంచి ఇన్ని కేజీలు తగ్గించాలని లెక్క. దాన్నే తరుగు అంటాం. ఆ తరుగు చీటీ మీద రాసే ముందు నేను కిటికీలోంచి తల బయటపెట్టి పైకి చదువుతాను.

"బాబాయ్, తేమకి పద్దెనిమిది కేజీలు తరుగు. రాయనా?"

రైతు గొణుక్కుంటాడు, మిల్లునీ నన్నూ కలిపి తిడతాడు, మిషన్ మళ్లీ పెట్టించమంటాడు. పెట్టిస్తాను. చివరికి "సరే, రాయమ్మా" అంటాడు. ఆ మాట వచ్చాకే నా పెన్ను కదులుతుంది. వెనక హారన్లు మోగనీ, మేనేజరు గారు ఫోన్‌లో అరవనీ, అప్పటిదాకా కదలదు.

దీనికి కారణం మా నాన్న. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు ఆయన పత్తి అమ్ముకొచ్చి కాటా చీటీ నా చేతికిచ్చి చదవమన్నాడు. చదివాను. మధ్యలో తరుగు అని ఒక అంకె ఉంది. "అదేంటి, నాకు చెప్పలేదే!" అన్నాడు. ఆ తరుగు న్యాయమైందో కాదో నాకిప్పటికీ తెలియదు. చెప్పలేదు, అంతే. ఆ పూట ఆయన కంచం ముందు కూర్చుని అన్నం కలుపుతూనే ఉన్నాడు గానీ ముద్ద నోట్లో పెట్టలేదు. నాకు ఉద్యోగం వచ్చిన మొదటి రోజే అనుకున్నాను, నా చేత్తో రాసే ఏ చీటీ ఎవరింట్లోనూ అలా అన్నం మానిపించకూడదని.

అలాంటిదాన్ని, నా సొంత డబ్బు దగ్గరికొచ్చేసరికి గుడ్డిగుర్రంలా పోయాను.

తొమ్మిదేళ్ల కిందట మా మిల్లులో పీఎఫ్‌కి తోడుగా ఇంకో పెన్షన్ పథకం పెట్టారు. ఇష్టమైనవాళ్లు జీతంలోంచి కొంత వేస్తే, మిల్లు కూడా కొంత వేస్తుంది. ఆ డబ్బుని ఒక కంపెనీ షేర్ మార్కెట్లో పెడుతుంది. మనం వేసినదానికి ఆ రోజు ధర ప్రకారం యూనిట్లు వస్తాయి. యూనిట్ ధర పెరిగితే మన డబ్బు పెరుగుతుంది. కంపెనీ ఆఫీసరు క్యాంటీన్‌లో తెర మీద పైకి పోయే గీత చూపించాడు. నేను లేచి నిలబడి మరీ ప్రశ్నలడిగాను. ధర ఎంత పెరుగుతుంది, పడిపోతే ఏంటి, ఎప్పుడు తీసుకోవచ్చు, అన్నీ అడిగాను. తరుగు ఎంత అని మాత్రం అడగలేదు. అడగందే అమ్మయినా పెట్టదంటారు, ఇక ఆ ఆఫీసరెందుకు చెప్తాడు?

నేను సంతకం పెట్టాను. నన్ను చూసి దాదాపు అరవైమంది పెట్టారు. "కాటా అక్క చూసిందిగా, ఇంకేం" అన్నారు. వాళ్లలో నూలు చిలపలు, అంటే కట్టలు, చుట్టే రీలింగ్ సెక్షన్‌లో పనిచేసే ఆవిడ ఒకరు. నాకంటే నాలుగేళ్లు చిన్న. సంతకం చేయడం వచ్చు గానీ ఫారాలు నింపడం రాదు, బ్యాంకు కాగితమైనా రేషన్ కాగితమైనా నాచేతే రాయిస్తుంది. ఆ ఫారం కూడా నేనే రాసిచ్చాను.

రెండేళ్ల కిందట ఆవిడకి మోకాలి ఆపరేషన్ అయి పద్నాలుగు నెలలు పనిలోకి రాలేదు. జీతం లేదు కనక పథకంలో పైసా పడలేదు. తిరిగొచ్చాక కంపెనీ పంపిన రెండు కాగితాలు, పాతదీ కొత్తదీ, పట్టుకుని నవ్వుకుంటూ కాటా గదికొచ్చింది.

"అక్కా, చూడు. నేను మంచాన పడున్నా డబ్బు పెరిగింది. తొంభై ఎనిమిది వేలుండేది, లక్షా మూడు వేలయింది."

నాకూ సంతోషమేసింది. కానీ ఇరవై రెండేళ్ల అలవాటు ఊరుకోదుగా, నా కళ్లు ధర వదిలేసి తూకం మీదికి పోయాయి. పాత కాగితంలో యూనిట్లు నాలుగువేల ఎనిమిది వందల పన్నెండు. కొత్తదాంట్లో నాలుగువేల ఆరు వందల యాభై అయిదు.

"ఏమే, మధ్యలో ఏమన్నా తీశావా?"

"ఒట్టు అక్కా. ఆపరేషన్‌కి గాజులు తాకట్టు పెట్టాను గానీ దాన్ని ముట్టుకోలా."

మరి నూట యాభై ఏడు యూనిట్లు ఎలుకలు తిన్నాయా? గోడౌన్‌లో వేసిన బస్తాలు తాళం తీసేసరికి తగ్గితే ఎవరైనా ఊరుకుంటారా? బజార్లో రేటు పెరిగింది కాబట్టి తగ్గిన బస్తాలు కనపడలేదు, అంతే. నాకు ఒళ్లు మండిపోయింది.

కంపెనీకి ఫోన్ చేస్తే ఒకమ్మాయి తేనె పూసినట్టు చెప్పింది, "ఛార్జీల కోసం నెలనెలా కొన్ని యూనిట్లు రద్దు చేస్తాం మేడం, అది మీ పుస్తకంలోనే ఉంది" అని. సంతకం పెట్టినప్పుడు వాళ్లిచ్చిన పథకం పుస్తకం, తొమ్మిదేళ్లుగా బీరువాలో పడున్నది, తీశాను. మూడు ఆదివారాలు పెన్సిల్ పట్టుకుని చదివాను. అర్థంకాని మాట వచ్చినప్పుడల్లా అదే నంబరుకి ఫోన్ చేసి ఆ అమ్మాయి ప్రాణం తీశాను.

మూడు తరుగులున్నాయి. కొత్తగా వేసిన డబ్బు యూనిట్లు కాకముందే గేటు దగ్గర కొంత కోత. నెలనెలా యూనిట్లు రద్దు చేసి ఇంకో కోత. అది పెద్ద జీతం వాళ్లకీ అంతే, రీలింగ్ ఆవిడకీ అంతే, అందుకే చిన్న మూటకి ఎక్కువ తగులుతుంది. మూడోది అసలు కంటికే కనపడదు. రోజూ ధరలోంచే కాస్త తీసేసి, మిగిలిందే ధరని మనకి చెప్తారు. వందకి ఒకటో రెండో, పోనిద్దూ అనుకుంటాం. కానీ ఆ ఒకటీ రెండూ మనకొచ్చిన లాభం మీద కాదు, ఈ ఏడు వేసినదాని మీద కూడా కాదు. మొదటినుంచీ పోగైన మొత్తం మీద, ప్రతి ఏడూ, నష్టమొచ్చిన ఏడు కూడా. ఒకే ట్రాక్టరు పత్తికి ఏటా మళ్లీ తరుగు తీస్తే, ఇరవై ఏళ్లకి రైతుకేం మిగులుతుంది?

దొంగతనం అనను. అన్నీ పుస్తకంలో రాసే ఉన్నాయి. మా నాన్న చీటీలో కూడా రాసే ఉంది.

ఆ రాత్రి పడుకున్నా గానీ నిద్ర రాలేదు. నన్ను తినేసింది కంపెనీ కాదు. ఆవిడ ఫారం మీదున్నది నా చేతిరాత. అరవైమంది నమ్మింది ఆ గీతని కాదు, నన్ను. ఈ సంగతి నేను నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. చెప్తే కాటా అక్క మాటకి ఇక విలువుంటుందా?

చెప్పాలనే తేల్చుకున్నాను. హెచ్చార్ మేనేజరు గారి వెంటపడి ఆ ఆఫీసరుని రప్పించాను. ఆయన మళ్లీ తెర మీద గీత మొదలుపెట్టాడు. నేను లేచాను.

"ధర తర్వాత. ముందు మీ తరుగు పైకి చదవండి."

"అంటే మేడం..."

"ఛార్జీలండీ. ఒక్కొక్కటీ చదవండి."

"అన్నీ డాక్యుమెంట్‌లో క్లియర్‌గా ఉన్నాయి మేడం, మేమేం దాచలేదు." గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు.

"దాచారని నేనన్నానా? నా చీటీలో కూడా క్లియర్‌గానే ఉంటుంది. అయినా రైతుకి పైకి చదివే రాస్తాను. మీరూ చదవండి."

చదివాడు. వినపడలేదని వెనకనుంచి అరిచారు. మళ్లీ చదివాడు. నేను రీలింగ్ ఆవిడ కాగితాలు రెండూ చూపించి లెక్క చెప్పాను. అప్పుడు మెషిన్ ఫిట్టరు ఒకాయన నావైపు తిరిగాడు.

"అయితే అక్కా, ఆ రోజు నువ్వే కదా పెట్టమంది?"

"నేనే. తరుగు అడక్కుండా సంతకం పెట్టాను, మీచేత పెట్టించాను. తప్పు నాదే." తల వంచుకునే కూర్చున్నాను. ఒక్కొక్కరే నావైపు చూడకుండా లేచి షిఫ్టుకి వెళ్లిపోయారు. ఏమన్నా అంటే బాగుండేది.

పోయిన యూనిట్లు తిరిగి రాలేదు. నాలుగు నెలలు తిరగ్గా తిరగ్గా యాజమాన్యం తక్కువ ఖర్చుండే వేరే పథకానికి మారడానికి ఒప్పుకుంది. పోయిన వారం కొత్త ఫారాలొచ్చాయి. క్యాంటీన్ బల్ల మీద కట్ట పెట్టారు. ఒక్కరూ ముట్టుకోలేదు. నేనూ ముట్టుకోలేదు, ఏ మొహం పెట్టుకుని ముట్టుకోను?

రీలింగ్ ఆవిడ మోకాలు పట్టుకుని మెల్లగా నడిచొచ్చి ఒక ఫారం తీసింది. తెచ్చి నా ముందు పెట్టి, ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ముందు తరుగు చదువక్కా. గట్టిగా."

చుట్టూ జనం చేరారు. చదివాను. ఏడాదికెంత, వందకెంత, తీసుకునేటప్పుడెంత. ఫిట్టరు ఒక లైను మళ్లీ చదవమన్నాడు. చదివాను. ఆవిడ వేళ్ల మీద ఏదో లెక్కేసుకుని, నా మొహంలోకి చూసి అంది.

"సరే, రాయక్కా."

అప్పుడు పెన్ను మూత తీశాను.